గాజుతొట్టిలో జెల్లచేప: గుర్తింపు, పెంపకము

వానకాలమున చెరువు అలుగు పారునపుడు దిగువ కాలువలో పిల్లలు తువ్వాలు పరచి పట్టు చిన్న చేపలలో జెల్ల యొకటి. పొలుసులు లేని నున్నని మేను, మూతిచుట్టు పొడవైన మీసములు, చేయి వేసినంతనే గ్రుచ్చుకొను ముల్లు, ఈ గుర్తులచే దానిని పల్లెలలో అందరు ఎరుగుదురు. పులుసునకు పనికివచ్చు చేపగా మాత్రమే మనము దానిని ఎంచుచున్నాము. కాని అలంకార మత్స్యముల వ్యాపారమునకు పేరుపడిన కోల్‌కతా మొదలగు నగరములలో ఈ చిన్న జెల్లను గాజుతొట్టెలకొరకు అమ్ముచున్నారు. విదేశములలో సైతము దీనిని ముచ్చటపడి పెంచువారు కలరు. ఒకవంక మన చెరువులలోని చేప పరదేశములకు పోవుచుండగా, మరియొకవంక పరదేశపు చేపలు మన పల్లెలలోని గాజుతొట్టెలలో చేరుచున్నవి.

ఈ రెండవ విషయమును పంచాయతీ సభ్యులు శ్రద్ధతో గమనింపవలసియున్నది. గాజుతొట్టి ఇపుడు పట్టణములకే పరిమితము కాదు. గ్రామములలోని ఇండ్లలో, పాఠశాలలలో, అంగళ్లలో కూడ అది కనబడుచున్నది. తొట్టిలోని చేప తొట్టిలో ఉన్నంతకాలము అది ఇంటివారి వేడుక. అదే చేప చెరువులో పడిననాడు ఊరివారందరి చిక్కు కాగలదు. రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణచే చేరిన 11వ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చిన్నతరహా నీటిపారుదల 3వ అంశము, మత్స్యపరిశ్రమ 5వ అంశము. కావున ఏ చేప మనది, ఏ చేప పరాయిది అని గుర్తింపగలుగుట సభ్యులకు కేవలము వినోదవిషయము కాదు.

ఊరి జెల్లను గుర్తించు విధమును, దానిని గాజుతొట్టిలో పెంచు పద్ధతిని, తొట్టి చేపలవలన చెరువునకు చేటు రాకుండ పాటింపదగిన కట్టుబాట్లను ఈ వ్యాసమున వివరించెదము.

జెల్ల పేరు వెనుక చరిత్ర

జెల్ల అను పేరు మనవారు ఒక్క చేపకే కాక, మీసములు గల అనేక జాతులకు వాడుచున్నారు. నదులలోని జెల్లలు, చెరువులలోని జెల్లలు, సముద్రపు జెల్లలు వేరువేరు. ఈ తెలుగు పేరు రెండువందల యేండ్లకు పూర్వమే శాస్త్రగ్రంథములకు ఎక్కినది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రవేత్తగా ఉండిన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన 200 చేపలను వర్ణించి, వాని చిత్తరువులతో 1803లో లండనులో గ్రంథము ప్రకటించెను. ఆ చేపలలో పెక్కింటికి ఆయన స్థానికులు చెప్పిన పేర్లనే వ్రాసికొనెను. వానిలో జెల్ల అను మాట కానవచ్చుచున్నది.

మనము ఇచట ప్రస్తావించు చిన్న జెల్లకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మిస్టస్ విట్టాటస్. విట్టాటస్ అనగా చారలు గలది అని అర్థము. తమిళనాటి తీరముననున్న తరంగంబాడి నుండి బెర్లిను నగరమునకు చేరిన చేపలను పరిశీలించి, మార్కస్ బ్లాక్ అను జర్మను వైద్యుడు 1794లో దీనిని తొలుత వర్ణించెను. గోదావరి, కృష్ణ నదులలోను, వాని కాలువలలోను, చెరువులలోను, వరిపొలముల నీటిలోను ఈ చేప కనబడును.

గుర్తించు విధము

చేపను గుర్తింపదలచినవారు దానిని చేతితో పట్టుకొనరాదు. నీరు నింపిన గాజు సీసాలోనో, తెల్లని పళ్లెములోనో ఉంచి, వెలుతురులో ప్రక్కనుండి చూడవలెను. ఒక్క గుర్తును మాత్రము చూచి నిర్ణయింపక, ఈ క్రింది అయిదు గుర్తులను వరుసగా పరీక్షింపవలెను.

మొదటిది చర్మము. జెల్లకు పొలుసులు లేవు. మేను నున్నగా, జిగురుగా ఉండును. రెండవది మీసములు. జెల్లకు నాలుగు జతలు గలవు: ముక్కురంధ్రముల వద్ద ఒక జత, పై దవడ కొసల యందు ఒక జత, గడ్డము క్రింద రెండు జతలు. పై దవడ మీసములు అన్నిటికంటె పొడవైనవి. చారల జెల్లకు ఇవి పొట్టక్రింది రెక్కలను దాటి వెనుకకు పోవును.

మూడవది వీపుమీది రెక్కలు. ముందరి వీపురెక్క నిలువుగా లేచి, మొదట ఒక ముల్లును, దానివెనుక మెత్తని ఈనెలను కలిగియుండును. దానికి వెనుక, తోకకు ముందు, ఈనెలు లేని మెత్తని చిన్నరెక్క మరియొకటి గలదు. దీనిని కొవ్వురెక్క అందురు. ఇది జెల్లల గుర్తింపులో ముఖ్యమైన ఆనవాలు. నాలుగవది తోక. అది రెండుగా చీలియుండును. అయిదవది రంగు. చారల జెల్ల మేను బూడిదవన్నెగా గాని, లేత బంగారువన్నెగా గాని ఉండి, ఇరుప్రక్కల తలనుండి తోకవైపు సుమారు అయిదు చారలు సాగియుండును. మొప్పకు వెనుక, భుజమువంటి చోట ఒక నల్లని మచ్చ ఉండును. రంగు మాత్రము నమ్మదగిన సాక్షి కాదు. భయపడిన చేపకు, బురదనీటిలో పెరిగిన చేపకు, చచ్చిన చేపకు చారలు మాసిపోవును. అందువలననే రంగును చివర చెప్పితిమి.

చారల జెల్ల సాధారణముగా మనిషి వ్రేలికంటె కొంచెము పెద్దదిగా, 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవుండును. కొన్ని యింకను పెరుగును. దీని బంధువులలో రెండింటిని కూడ గుర్తెరుగుట మేలు. ఒకటి మిస్టస్ కవాసియస్. దీని మీసములు తోకవరకు సాగును. కొవ్వురెక్క ముందరి వీపురెక్కను అంటియే మొదలగును. చారల జెల్లకు ఈ రెండు రెక్కల నడుమ చక్కని ఎడము ఉండును. కవాసియస్ చిన్న తొట్టికి మించి పెరుగును. రెండవది నదులలో మీటరుకు మించి పెరుగు పెద్ద జెల్ల. దాని పిల్లను చూచి చిన్న జెల్ల యని పొరపడుట సులభము. అయితే దాని కొవ్వురెక్క వెనుకకొనయందు స్పష్టమైన నల్లని చుక్క ఉండును. అట్టి చుక్క కనబడిన పిల్లను తొట్టికొరకు కొనరాదు.

పొరపాటు పడదగిన ఇతర చేపలు

మీసములున్న ప్రతి చేపయు జెల్ల కాదు. వాలుగకు రెండు జతల మీసములే ఉండును; నోరు చాల పెద్దది; కొవ్వురెక్క లేదు. ఇంగిలాయికి వీపురెక్క మిక్కిలి చిన్నది, దానికి ముల్లుండదు. కాని రొమ్ముప్రక్క ముండ్లయందు విషము గలదు. పొరపాటున ఇంగిలాయిని తొట్టిలో పెట్టి చేయి ముంచినవారు తీవ్రమైన బాధకు లోనగుదురు. మార్పు చేపకు వీపురెక్క మెడనుండి తోకవరకు ఎడతెగక సాగును. దానికిని కొవ్వురెక్క లేదు.

మార్పు విషయమున మరియొక జాగ్రత్త అవసరము. మన మార్పును బోలిన ఆఫ్రికా జాతి యొకటి మన దేశములోనికి వచ్చియున్నది. అది మీటరుకు మించి పెరిగి, చెరువులోని యితర చేపలను తినివేయును. దీని పెంపకమును కేంద్ర ప్రభుత్వము 2000లో నిషేధించినది. 2019లో జాతీయ హరిత న్యాయాధికరణము ఆ నిషేధమును ఖండితముగ అమలుపరుపవలెనని ఆదేశించినది. తల పైభాగమున, ఎముక వెనుకకొన మన మార్పునకు కోసుగా, సన్నగా ఉండును. ఆఫ్రికా మార్పునకు వెడల్పుగా, వంపులు తిరిగియుండును. ఆఫ్రికా చేప మేనిపై గచ్చుమీది మరకలవలె బూడిదరంగు మచ్చలు సాధారణముగా కనబడును. అనుమానము కలిగినపుడు మత్స్యశాఖవారికి చూపుటయే క్షేమము. మన దేశీయ మార్పు అంతరించు ప్రమాదమునకు లోనైన జాతులలో లెక్కింపబడుచున్నది. కావున ఒకదాని నొకటిగా పొరపడి మంచిదానిని నశింపజేయుటయు నష్టమే.

ఇక గాజుతొట్టెల అంగళ్లలో తరచుగా కనబడు మీసాల చేప వేరొకటి కలదు. అద్దమునకు అంటుకొని పాచిని తినునని చెప్పి, వ్రేలెడు పిల్లలను అమ్ముదురు. వాడుకలో సక్కరు చేప అని పేరు. మత్స్యకారులు దీనిని దెయ్యపు చేప అని కూడ పిలుచుచున్నారు. దీని జన్మస్థానము దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. దీనికి నున్నని చర్మము లేదు. మేనంతయు ఎముక పలకలతో కవచమువలె గట్టిగా ఉండును. నోరు తలక్రింద చక్రమువలె ఉండి పీల్చుటకు అనుకూలించును. వీపురెక్క తెరచాపవలె పెద్దదిగా లేచును. జెల్లతో దీనిని పోల్చి చూచినవారు మరల పొరపడజాలరు.

తొట్టి అమరిక

చారల జెల్లలు గుంపుగా బ్రతుక నేర్చినవి. ఒంటరిగా ఉంచినచో మూల దాగి, తిండి మాని కృశించును. నాలుగైదు చేపలను కలిపి పెంచుట ఉత్తమము. వానికి 3 అడుగుల పొడవు, 1¼ అడుగు వెడల్పు, 1¼ అడుగు ఎత్తు గల తొట్టి చాలును. అందులో అడుగు లోతున నీరు పోసినచో 3¾ ఘనపుటడుగులు, అనగా సుమారు 106 లీటర్లు పట్టును. గాజు, ఇసుక, నీరు కలిసి బరువు ఒకటిన్నర క్వింటాలునకు చేరును. కనుక గోడకు కొట్టిన బల్లమీదను, వదులు కాళ్ల మేజామీదను తొట్టి నుంచరాదు. నేల చదునుగా ఉన్నచోట, ఇటుకల అరుగుమీద గాని, ఇనుప చట్రముమీద గాని ఉంచవలెను. అడుగున థర్మోకోలు పలక పరచినచో గాజు పగులదు. ఎండ నేరుగా పడుచోట ఉంచినచో నీరు వేడెక్కి, పాచి పెరుగును.

అడుగున రెండంగుళముల మందమున సన్నని ఏటి ఇసుక పరువవలెను. ఇసుకను నీరు తేటపడువరకు పలుమారులు కడుగవలెను. పదునైన కంకర వాడరాదు. జెల్ల తన మీసములతో నేలను తడవుచు ఆహారము వెదకుకొనును. కంకర ఆ మీసములను గాయపరచును, గాయమునుండి కుళ్లు పుట్టును. పగటివేళ దాగుటకు నున్నని రాళ్లు, పగిలిన కుండల పెద్ద పెంకులు ఉంచవలెను. పెంకుల అంచులను ముందుగా రాతిమీద అరగదీయవలెను. కొలదిగా హైడ్రిల్లా వంటి నీటిమొక్కలను నాటవచ్చును. జెల్ల ఎగురగలదు కనుక గాలి పోవు సందులుగల మూత తప్పనిసరి.

గాలిబుడగల యంత్రము, చిన్న వడపోత పరికరము ఉండవలెను. 5 వాట్ల యంత్రము రేయింబవళ్లు నడచినను నెలకు నాలుగు యూనిట్లకు మించి విద్యుత్తు కాదు. విద్యుత్తు నిలిచిపోయినపుడు మేత వేయరాదు. అరగంటకొకమారు చెంబుతో నీటిని తీసి జానెడెత్తునుండి మరల తొట్టిలో పోసినచో కొంత గాలి నీట కలియును.

నీటి విషయము

తొట్టి చేపలు చచ్చుటకు ముఖ్యకారణము నీటిని గూర్చిన అజ్ఞానమే. పంచాయతీ కొళాయి నీటిలో బ్లీచింగుపొడి వలన క్లోరిన్ ఉండును. తాగునీటిలో లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలియుండవలెనని ప్రమాణము. మనుష్యులకు మేలుచేయు ఈ స్వల్పభాగమే చేప మొప్పలను కాల్చివేయును. కొళాయి నీటిని వెడల్పు నోటి పాత్రలో ఒక పగలు, ఒక రాత్రి నిలువయుంచి వాడినచో ఆ క్లోరిన్ తొలగిపోవును. ఊళ్లలో డబ్బాలతో అమ్ము శుద్ధజలము శ్రేష్ఠమని కొందరు దానినే తొట్టిలో నింపుచున్నారు. అందులో లవణములు బాగుగా తగ్గియుండును గనుక అది ఒక్కటే చేపలకు పనికిరాదు. చేనినుండి పురుగుమందుల నీరు చేరని మంచి బావినీరు దీనికంటె మేలు.

రెండవ విషయము కంటికి కనబడనిది. చేప విసర్జించు మలినములనుండి, మిగిలిన మేతనుండి అమ్మోనియా పుట్టును. అది విషము. ఇసుకయందును, వడపోతయందును పెరుగు సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, పిదప హాని తక్కువైన నైట్రేటుగను మార్చును. ఈ సూక్ష్మజీవులు తగినంతగా పెరుగుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. క్రొత్త తొట్టిలో మొదటిదినముననే చేపలను నింపినవారికి వారము తిరుగకుండ నష్టము కలుగుట ఇందువలననే. మొదట ఒకటి రెండు చేపలను మాత్రమే విడిచి, మేత తగ్గించి, వారములు గడచిన కొలది సంఖ్యను పెంచవలెను.

వారమునకొకసారి నీటిలో నాలుగవ వంతు తీసి, నిలువయుంచిన నీరు పోయవలెను. నీరంతయు ఒక్కమారు మార్చుట, ఇసుకను, వడపోతను సబ్బుతో కడుగుట చేయరాదు. అటుల చేసినచో మేలుచేయు సూక్ష్మజీవులు నశించును. తీసిన నీరు మొక్కలకు మంచి ఎరువు. దానిని పెరటిచెట్లకు పోయవలెనే గాని, పంటకాలువలో పోయరాదు. కారణము ముందు చెప్పెదము.

మేత, సహవాసము

జెల్ల ప్రొద్దుగ్రుంకిన తరువాత తిరుగు చేప. పగలు వేసిన మేత దానికి అందక నీటిలో కుళ్లును. దీపములు పెట్టువేళ తరువాత, మునుగు గుళికలను గాని, తరిగిన వానపాములను గాని, చిన్న రొయ్యముక్కలను గాని కొద్దిగా వేయవలెను. దోమ లార్వాలను అది ఇష్టముతో తినును. అయిదు నిమిషములలో తినగలిగినంతయే వేయవలెను. వారమునకొక దినము ఉపవాసముంచుట వలన నష్టము లేదు. పిల్లలు ముచ్చటపడి మాటిమాటికి మేత వేయుట తొట్టికి శత్రువు. పాఠశాలలో ఈ పనిని వంతులవారీగా ఒక్కొక్కరికే ఒప్పగింపవలెను.

నోట పట్టు ప్రతి చిన్న చేపను జెల్ల తినివేయును. కావున వేలి గోరంత చేపలను దానితో కలుపరాదు. తన పరిమాణమునకు సరియైన పరిగె జాతి చేపలు మంచి తోడు. ఒకేచోట పెరిగినను ఇవి నీటి నడిమిభాగమున, జెల్లలు అడుగుభాగమున తిరుగును.

ముల్లు, రోగములు

జెల్లకు వీపుమీద ఒక ముల్లు, రొమ్ముకు ఇరువైపుల రెండు ముండ్లు గలవు. రొమ్ము ముండ్లకు రంపమువంటి పండ్లుండును. బెదరినపుడు అది ముండ్లను నిలబెట్టి బిగించును. వలగుడ్డతో పట్టినచో ముల్లు దారములలో చిక్కి విరుగును. చిన్న గిన్నెను గాని, ప్లాస్టిక్ డబ్బాను గాని నీటిలో ముంచి, చేపను అందులోనికి మళ్లించి తీయుట సులభమైన పద్ధతి. ముల్లు గ్రుచ్చుకొనినచో గాయమును సబ్బునీటితో కడిగి, ఓర్చుకొనగల వేడినీటిలో ఆ భాగమును ముంచియుంచిన బాధ తగ్గును. పిదప ఆరోగ్యకేంద్రమునకు పోయి ధనుర్వాతపు టీకా విషయమున వైద్యుని సలహా పొందవలెను. ముల్లుముక్క లోపల విరిగియున్నను, వాపు హెచ్చినను జాగు చేయరాదు.

పొలుసులు లేనందున జెల్ల మందులకు తాళజాలదు. ఇతర చేపలకు వేయు మోతాదున ఉప్పును గాని, రంగుమందులను గాని వేసినచో రోగము కంటె మందే దానిని చంపును. మేనిపై ఉప్పురవ్వలవంటి తెల్లచుక్కలు కనబడినచో నీటిని కొంత మార్చి, మత్స్యశాఖ ఉద్యోగిని అడిగిన తరువాతనే మందు వేయవలెను. క్రొత్త చేపను రెండు వారములు వేరుపాత్రలో ఉంచి చూచి, ఆరోగ్యముగ నున్నచో పాతవానితో కలుపవలెను. జెల్లలను పట్టించుటకు వానకాలపు తొలినెలలు తగవు. అది అవి గ్రుడ్లు పెట్టు కాలము.

తొట్టి చేప చెరువునకు పోరాదు

గుర్రపుడెక్కను ఎరుగని పంచాయతీ లేదు. అందమైన ఊదాపూవు కొరకు, తోటల కొలనులలో పెంచుటకై 19వ శతాబ్ది చివరిభాగమున మన దేశమునకు తెచ్చిన మొక్క అది. దాని పుట్టిల్లు కూడ అమెజాను ప్రాంతమే. తోట దాటి కాలువలలో చేరిన ఆ మొక్కను తీయించుటకు నేటికిని పంచాయతీలు, నీటిపారుదలశాఖ ధనము వెచ్చించుచున్నవి. చెరువు నిండిన తరువాత దానిని నిర్మూలించుట ఎంతటి పనియో సభ్యులు స్వయముగా ఎరుగుదురు. మొక్క కంటికి కనబడును, చేతికి అందును. నీటిలోపల పెరుగు చేపను అటుల ఏరివేయుట సాధ్యము కాదు.

సక్కరు చేప తొట్టిలో నున్నపుడు మూడంగుళములుండి, పెరిగి అడుగు దాటును. తొట్టి చాలక, చంపుటకు మనసొప్పక, ఇంటివారు జాలితో దానిని చెరువులో విడుతురు. పుణ్యమని భావించి చేయు ఈ పని ఊరికి అపకారమగును. ఆ చేప గట్లలో మీటరు పొడవు వరకు బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. దాని కవచపు ముండ్లకు వలలు చిరుగును. తిండికి రుచింపదు, అంగడిలో ధర పలుకదు. గాలిని మ్రింగి బ్రతుకగలదు గనుక, నీరు తగ్గిన గుంటలో ఇతర చేపలు చచ్చినను ఇది బ్రతికియుండును. గట్టిచర్మము వలన కొంగలకును, కొరమేనుకును సులభముగా ఆహారము కాదు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను మత్స్యకారుల వలలలో ఇది పడుచున్నది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులు చేపను పట్టకుండగనే, నీటి నమూనాలోని జన్యుపదార్థమును బట్టి దాని ఉనికిని కనిపెట్టు పద్ధతిని రూపొందించి, తూర్పుకనుమల జలాశయములలో అది వ్యాపించియున్నట్లు గుర్తించిరి.

చేప ఒక్కటియే కాదు. తొట్టి నీటితోపాటు పరాయి మొక్కల తునకలు, నత్తగ్రుడ్లు, రోగబీజములు కాలువలో చేరగలవు. తొట్టి నీటిని కాలువలో పోయరాదని పైన చెప్పుటకు కారణమిదియే. మన ఊరి జెల్లయే అయినను, అంగడి చేపలతో కలిసి పెరిగినదానిని మరల చెరువులో విడుచుట మంచిది కాదు. క్రొత్త రోగమును మోసికొనిపోవచ్చును. వద్దనుకొన్న చేపను అమ్మినవానికే తిరిగి యీయవలెను. లేదా పెంచు మరియొకరికి ఇయ్యవలెను. రెండును సాధ్యము కానిచో మత్స్యశాఖవారి సలహాను అనుసరింపవలెను. చచ్చిన చేపను పెరటిలో గోతితీసి పూడ్చవలెను.

పంచాయతీలు చేయదగిన పనులు

ఈ విషయమున పంచాయతీలు పెద్ద వ్యయము లేకుండగనే కొన్ని పనులు చేయవచ్చును.

1. పాఠశాలలో ఒక గాజుతొట్టిని ఊరి చేపలతోనే నెలకొల్పవచ్చును. జెల్ల, పరిగె మొదలగువానిని స్థానిక మత్స్యకారులనుండి సేకరించి, ప్రతిదాని పేరును వ్రాసి ఉంచినచో పిల్లలకు అదియే పాఠము.

2. తొట్టి చేపలను చెరువులో, కాలువలో విడువరాదని గ్రామసభలో తీర్మానించి, చెరువుగట్టున పలక పెట్టవచ్చును. విడుచువారు జాలితో చేయుచున్నారు గనుక దండనకంటె బోధన ఎక్కువ ఫలించును.

3. చెరువులో చేపపిల్లలను విడుచుదినమున సభ్యులు ఒకరిద్దరు, మత్స్యకార సహకార సంఘమువారితో కలిసి ఉండి, పిల్లలను తెల్లని పళ్లెములో పోసి పరీక్షింపవలెను. బొచ్చె, శీలావతి పిల్లల నడుమ మీసాల చేపలు, కవచపు చేపలు ఉన్నచో వెంటనే వేరుచేయవలెను.

4. వలలో వింతచేప పడినచో నీటిలో మరల విడువక, ప్రక్కనుండి, పైనుండి ఛాయాచిత్రములు తీసి, పట్టిన తేదీ, స్థలము వ్రాసి మత్స్యశాఖకు పంపవలెను. ఇపుడు ప్రతి యింట సెల్‌ఫోను ఉన్నందున ఇది క్షణములో జరుగు పని.

5. అలంకార మత్స్యముల పెంపకమును ఉపాధిగా స్వీకరింపదలచిన యువకులను, స్వయంసహాయక సంఘముల స్త్రీలను ప్రోత్సహింపవచ్చును. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి యూనిట్లకు సైతము చోటు కల్పింపబడినది. సామాన్యవర్గమువారికి యూనిట్ వ్యయములో 40 శాతము, స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 60 శాతము సహాయముగ నిర్ణయించిరి. దరఖాస్తు చేయుటకు పూర్వము వర్తించు నిబంధనలను జిల్లా మత్స్యశాఖ కార్యాలయమున తెలిసికొనవలెను. ఇట్టి యూనిట్లలో దేశీయ జాతులకు ప్రాధాన్యమిచ్చుట, నీరు కాలువలోనికి పోకుండ ఇంకుడుగుంట ఏర్పరచుట అవసరమని పంచాయతీ పట్టుపట్టవచ్చును.

చెరువు ఒక తరము సొత్తు కాదు. తవ్వించినవారు ఎవరో నేడు మనకు తెలియకపోయినను, దాని నీరు, దాని చేప మనకు దక్కుచున్నవి. అందు పరాయి చేప యొకటి స్థిరపడినచో తొలగించు ఉపాయము నేటివరకు ఎవరి చేతిలోను లేదు. రానీయకుండుట ఒక్కటియే మన చేతిలోని పని. దానికి ముందు మన చేపలను మనము గుర్తెరుగవలెను. అయిదు గుర్తులను చూచి ఇది మన జెల్ల యని పదేండ్ల పిల్లవాడు చెప్పగలిగిన ఊరిలో, పరాయి చేప చెరువు చేరకముందే పట్టుపడును. పంచాయతీ సభ్యులు రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, తమ గ్రామపు చెరువునకు తగిన కట్టుబాటును ఏర్పరచుకొందురని ఆశించుచున్నాము.